గల్ఫ్ కార్మికుల మాట అక్కడికే వెళ్లి వినాలి: విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

తిరిగిన ఏ ఆఫీసులోనూ జవాబు దొరకక, అందరి ముందు రాస్తున్నాను. మా తమ్ముడు గల్ఫ్‌లో ఒక కంపెనీలో పనిచేస్తున్నాడు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది. వీడియో కాల్‌లో జీతం సంగతి అడిగితే తలుపు వైపు చూసి, "అమ్మ బాగుందా అక్కా?" అని మాట మారుస్తాడు. మన పార్లమెంటు కమిటీ ఢిల్లీలో కూర్చుని విచారణ జరిపితే ఆ భయం వినపడదు; అక్కడికే వెళ్లి వినాలి.

ఇలా వేరే దేశం వెళ్లి వినడం కొత్త కాదు. 2018లో బ్రిటన్ పార్లమెంటు కమిటీ ఒకటి వాషింగ్టన్ వెళ్లి తప్పుడు వార్తలపై సాక్ష్యాలు తీసుకుంది. 2014లో విచారణకు వెళ్లాలనుకున్న బ్రిటన్ పార్లమెంటు విదేశాంగ కమిటీని మాత్రం చైనా హాంకాంగ్‌లో అడుగుపెట్టనివ్వలేదు. వెళ్లాల్సిన దేశం ఒప్పుకోనిదే పని జరగదు. ఒప్పించాల్సింది మీరే.

గల్ఫ్ ప్రభుత్వాలతో చర్చించి, మన పార్లమెంటు కమిటీ లేబర్ క్యాంపుల్లో, యజమాని మనుషులెవరూ లేకుండా కార్మికులతో మాట్లాడే అనుమతి సాధించండి. నోరు విప్పినవాళ్ల ఉద్యోగం పోదని రాతపూర్వకంగా హామీ తీసుకోండి. వచ్చే పార్లమెంటు సమావేశాల్లో ఈ విషయంపై ప్రకటన చేయండి.

ఇట్లు,
ఒక గల్ఫ్ కార్మికుడి అక్క, జగిత్యాల