పిల్లాడి పేచీకి ఫ్రాయిడ్ ముద్రా?

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ఈడిపస్ కాంప్లెక్స్ అదేదో జబ్బన్నట్టు వ్యాసం వచ్చి చాలా రోజులైంది. పసివాడికి తల్లి మీద మమకారం, తండ్రి మీద అసూయ ఉంటాయని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ చెప్పినదానికే ఆ పేరు. తెలిసినవాళ్లు ఎవరైనా రాస్తారులే అని ఊరుకున్నాను. ఎవరూ రాయలేదు.

మా కింద వాటాలో అమ్మాయి ఆ పేజీ పట్టుకుని వచ్చింది. ఆమె కొడుక్కి నాలుగో ఏడు. తండ్రి డ్యూటీ నుంచి వచ్చి మంచమెక్కితే చాలు, మధ్యలో అడ్డంగా పడుకుని "నువ్వు హాల్లో పడుకో పో" అంటాడు. "పిన్నిగారూ, మావాడికి ఇది వచ్చిందేమో, ఎవరికి చూపించాలి?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అదేదో డెంగీ అయినట్టు!

ఫ్రాయిడ్ ఏమన్నాడో చదివి రాయొద్దా? తల్లి మీద మమకారం, తండ్రి మీద అసూయ తనలోనే కనిపించాయని, పసితనంలో ఇది అందరికీ ఉండేదేనని 1897 అక్టోబరులో స్నేహితుడు ఫ్లీస్‌కు ఉత్తరం రాశాడాయన. పిల్లాడు తండ్రిలా ఉండాలనుకోవడం మొదలయ్యాక అది అణగిపోతుందన్నాడు. మీ వ్యాసంలోనేమో 'లక్షణాలు', 'చికిత్స', 'తొలిదశలోనే గుర్తించాలి'! పైగా ఆడపిల్లలకు తండ్రి మీద మమకారం, తల్లి మీద అసూయ అనే 'ఎలక్ట్రా కాంప్లెక్స్'నూ ఆయన ఖాతాలోనే వేశారు. ఆ పేరు 1913లో యూంగ్ అనే మరో మనోవైద్యుడు పెట్టింది. ఫ్రాయిడ్ ఒప్పుకోనే లేదు.

గుర్రాలంటే భయపడే ఐదేళ్ల హాన్స్‌ను ఫ్రాయిడ్ దగ్గరుండి నయం చేసినట్టు రాశారు. ఆ వైద్యం నడిపింది పిల్లాడి తండ్రి, ఆయనా ఫ్రాయిడ్ బృందంలోని మనిషే. ఫ్రాయిడ్ చికిత్స కోసం వాణ్ణి చూసింది ఒక్కసారి. బండి గుర్రం వీధిలో కూలబడటం ఆ పిల్లాడు కళ్లారా చూశాడు. జడుసుకోవడానికి అది చాలదా?

కలకత్తాలో 1922లోనే మనోవిశ్లేషణ సంఘం పెట్టిన గిరీంద్రశేఖర్ బోస్, మన రోగుల్లో కనిపించేది వేరని ఫ్రాయిడ్‌తోనే ఉత్తరాల్లో వాదించాడు. పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో పెత్తనం తండ్రిది కాదు, మేనమామది, పిల్లాడి కోపమూ ఆయన మీదేనని మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ రాశాడు. వీళ్ల ఊసే లేదు. ఉన్నదల్లా వ్యాసం కింద ఓ కౌన్సెలింగ్ సెంటర్ ఫోన్ నంబరు! అది చూశాక అంతా అర్థమైంది.

క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదై ఉండాలి. మా వీధిలో మాత్రం ఏదో కోర్సు చేశామని బోర్డులు పెట్టేస్తున్నారు. అడిగే అధికారి ఏడీ? మూత లేని మ్యాన్‌హోల్ గురించి అర్జీ పెడితేనే పలకని వాళ్లు, పిల్లల మనసుల సంగతి చూస్తారా! స్కూళ్లేమో కౌన్సెలింగ్ పేరిట ఫీజు వసూలు చేసి, ఆ గదిలో పాత బెంచీలు పడేస్తున్నాయి. ఒకప్పుడు మీ పేపర్లో అచ్చుతప్పు పట్టుకోమని నా క్లాసు పిల్లలకు పందెం పెట్టేదాన్ని, దొరికేది కాదు. ఇప్పుడు అచ్చుతప్పులు సరే, విషయమే తప్పు.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. కింద ఫోన్ నంబరు లేకుండా.

– ఒక రిటైర్డ్ టీచరు, కాకినాడ