మాంట్‌గోమరీ యాత్ర జమా ఖర్చులు, భోజనాల ఖర్చుపై వివరణ

అట్లాంటా నుంచి పిల్లల్ని తీసుకుని నల్లజాతివాళ్ల హక్కుల పోరాటం జరిగిన ఊరు, అలబామాలోని మాంట్‌గోమరీ వెళ్లొచ్చాం కదా, లెక్కలు ఇంకా పెట్టలేదేమని అడుగుతున్నారు. బస్సు డిపాజిట్ తిరిగొచ్చాక అంతా ఒకేసారి పెడదామని ఆగాం, ఎప్పుడు ఫోన్ చేసినా బస్సువాళ్లు వచ్చే వారం అంటున్నారు. ఇక ఆగడం బాగోదు.

జమ: 18 కుటుంబాలు, 120 డాలర్ల చొప్పున 2,160. విరాళాలు 540. మొత్తం 2,700. తాము రాలేకపోయినా డబ్బు పంపినవాళ్లకి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. మాతో వచ్చి కూడా ఇంకా కట్టని కుటుంబాలు మూడున్నాయి, 360 రావాలి. పేర్లు రాయట్లేదు, దయచేసి పంపేయండి.

ఖర్చు: బస్సు 1,400, డిపాజిట్ 200, మ్యూజియం టిక్కెట్లు 260, నీళ్లు, చిరుతిళ్లు 70, భోజనాలు 740. మొత్తం 2,670. చేతిలో ఉన్నది 30.

గొడవంతా ఆ 740 దగ్గరే. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్తే సరిపోయేది కదా అన్నారు. సరిపోయేదే. కానీ 1955 డిసెంబర్‌లో, సిటీ బస్సులో తెల్లవాళ్లకి సీటు ఇవ్వనన్న నల్లజాతి ఆవిడ రోజా పార్క్స్ అరెస్టు తర్వాత, అక్కడి నల్లజాతివాళ్లు నిరసనగా 381 రోజులు సిటీ బస్సు ఎక్కలేదు. పనులకి వెళ్లడానికి వాళ్లే కార్లు నడుపుకున్నారు, వాటి పెట్రోలుకి డబ్బు కావాలి. జార్జియా గిల్మోర్ అనే వంటావిడ మరికొందరు ఆడవాళ్లని కూడగట్టి భోజనాలు, కేకులు అమ్మి ఆ డబ్బు ఉద్యమ సభలో ఇచ్చేది. ఎక్కడిదంటే ‘ఎక్కడిదీ కాదు’ అనేవారు, ఎందుకంటే పేర్లు బయటపడితే తెల్ల యజమానులు పనిలోంచి తీసేస్తారు. ఆ ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ మీద పెట్టిన కేసులో సాక్ష్యం చెప్పాక ఆవిడ ఉద్యోగం పోనే పోయింది, అప్పుడు ఇంట్లోనే వండి అమ్మింది. ఈ కథ పిల్లలకి చెప్పి, అదే ఊళ్లో మన డబ్బాలు విప్పుకుని తినడం మాకు మనస్కరించలేదు. అందుకే అక్కడ ఇంట్లో వండి అమ్మే ఒక నల్లజాతి ఆవిడకి 52 మందికి ఆర్డరిచ్చాం. అక్కడ కొలార్డ్ ఆకుకూరని మామూలుగా పంది మాంసం వేసి ఉడికిస్తారు. శాకాహారుల కోసం ఆవిడ వేరే గిన్నెల్లో వెల్లుల్లి వేసి వండింది, మొక్కజొన్న రొట్టె కూడా విడిగా కాల్చింది. తలకి 15 డాలర్లు కూడా పడలేదు.

ఈ చరిత్ర మన పిల్లలకెందుకని కూడా ఒకరిద్దరు అడిగారు. 1965కి ముందు అమెరికాకి వలస రావడానికి ఇండియాకి ఏడాదికి వంద మంది కోటా. ఆ కోటాల పద్ధతి పోయింది నల్లజాతివాళ్లు ఓటు హక్కు చట్టం సాధించుకున్న ఏడాదే, ఆ ఊపులోనే. మనం అట్లాంటాలో ఇళ్లు కొనుక్కున్నామంటే అందులో వాళ్ల పోరాటం ఉంది.

లెక్క అడిగినందుకు మాకేం కోపం లేదు. 1960లో కింగ్ మీదే పన్ను లెక్కలు తప్పు చూపాడని అలబామాలో కేసు పెట్టారు, అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ నిర్దోషి అంది. మా దగ్గర ప్రతి రసీదూ ఉంది, ఏ ఆదివారమైనా వచ్చి చూసుకోవచ్చు. డిపాజిట్, బాకీలు వస్తే 590 అవుతుంది, దాంతో ఏం చేద్దామో అందరం కూర్చుని మాట్లాడుకుందాం.