విదేశీ ఫ్యాబ్రికేషన్: వెల్డర్ సర్టిఫికెట్ ఎలా చదవాలి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ప్రెషర్ వెసెల్స్ (ఒత్తిడిని తట్టుకునే ట్యాంకులు), పైపింగ్ స్పూల్స్ (ముందే అతికి సిద్ధం చేసిన పైపు ముక్కలు), భారీ ఉక్కు నిర్మాణాలు విదేశాల్లో చేయించి తెప్పించుకోవడం గురించి వచ్చే వార్తల్లో ధర, గడువు తప్ప వేరే మాట కనిపించదు. అతుకుల నాణ్యత దగ్గరికి వచ్చేసరికి ‘సప్లయర్‌కు ఐఎస్ఓ ఉంది’ అని సరిపెడతారు. సాధారణంగా ఆ ఐఎస్ఓ 9001 అయి ఉంటుంది. కంపెనీ నిర్వహణ పద్ధతి గురించే తప్ప ఏ వెల్డర్ ఏ అతుకు వేయగలడో అది చెప్పదు. వెల్డింగ్‌కు అడగాల్సింది ఐఎస్ఓ 3834. ప్రాణాలతో ముడిపడ్డ పనికి అందులో అన్నిటికంటే కఠినమైన 2వ భాగమే అడగాలి.

అది ఉన్నా సరే, ఒక్కో వెల్డర్ సర్టిఫికెట్‌నూ విడిగా చదవాల్సిందే. స్కూటర్ లైసెన్సుతో లారీ నడపనివ్వం కదా, ఇదీ అంతే. వెల్డింగ్ ప్రాసెస్, ప్లేటా పైపా, బట్ అతుకా (రెండు అంచులను ఎదురెదురుగా కలిపేది) ఫిల్లెట్ అతుకా (మూలలో వేసేది), మందం, పైపు వ్యాసం, పొజిషన్ (అతుకును ఏ దిశలో వేస్తారో)... వీటిలో ఏ ఒక్కటి పరిధి దాటినా ఆ పనికి ఆ సర్టిఫికెట్ చెల్లదు. ప్లేటును బల్లపరుపుగా పెట్టి పరీక్ష పాసైనవాడికి నిలువు అతుకును కింది నుంచి పైకి వేసే అర్హత రాదు. ఎక్కువమంది పొరబడేది ఫిల్లెట్ దగ్గర. అమెరికన్ కోడ్ (నిబంధనల పుస్తకం) ఏఎస్‌ఎంఈ సెక్షన్ 9 ప్రకారం గ్రూవ్ పరీక్ష, అంటే అంచుల మధ్య గాడిని నింపే అతుకు పరీక్ష, పాసైతే ఫిల్లెట్‌కూ అర్హత వస్తుంది. వెల్డర్ల పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 9606-1 అలా ఒప్పుకోదు, ఫిల్లెట్‌కు వేరే పరీక్ష ఉండాలి. స్ట్రక్చర్లలో ఎక్కువ భాగం ఫిల్లెట్లే. కాబట్టి ఒక కోడ్ కోసం తీసుకున్న కాగితాల కట్టను ఇంకో కోడ్ పనికి చూపిస్తే, అసలు పనికే అర్హత లేని మనిషి దాటిపోతాడు.

తేదీలూ అంతే ముఖ్యం. ఏఎస్‌ఎంఈ కింద ఆరు నెలల పాటు ఆ ప్రాసెస్‌తో వెల్డింగ్ చేయకపోతే అర్హత పోతుంది. ఐఎస్ఓలోనూ ఆరు నెలలకోసారి వెల్డింగ్ పనికి బాధ్యుడైన వ్యక్తి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి. ఆ సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో పెట్టినట్టు కనిపిస్తే రోజువారీ వెల్డ్ లాగ్ తెప్పించి సరిచూడండి.

పని మొదలయ్యే ముందే జాబితా నుంచి కొందరిని కొనుగోలుదారే ఎంచుకోవాలి. సప్లయర్ ముందుకు తోసే ఉత్తమ వెల్డర్లను కాదు, రాత్రి షిఫ్టు వాళ్లనూ కలిపి. ఫోటో, స్టాంపు నంబరు సరిచూసి, అసలు పనికి వాడే డబ్ల్యూపీఎస్ (వెల్డింగ్ ఎలా చేయాలో రాసిన పత్రం) ప్రకారం, అసలు పొజిషన్‌లో, ఇన్‌స్పెక్టర్ ఎదుట టెస్ట్ ప్లేటు వేయించాలి. మ్యాగ్ వెల్డింగ్ (వాయువు రక్షణలో వైరుతో వేసేది) అయితే ఎక్స్‌రే ఒక్కటే చాలదు, బెండ్ పరీక్ష కూడా చేయాలి. అంచుల్లో లోహం కరిగి కలవకపోయినా, ఆ చీలిక సన్నగా, కిరణానికి అడ్డదిడ్డంగా ఉంటే ఫిల్మ్ మీద పడకపోవచ్చు. ప్లేటును వంచితే నోరు తెరుస్తుంది. ఐఎస్ఓ 9606-1 ఈ అదనపు పరీక్ష అడిగేది అందుకే. టాక్‌లు, అంటే ముక్కలను తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న అతుకులు, వేసేవాళ్లను ఎవరూ పట్టించుకోరు. చివరి అతుకులో కలిసిపోయే టాక్ అర్హత లేని చేతి నుంచి వస్తే పగులు అక్కడే మొదలు కావచ్చు.

ఇక వెల్డింగ్ రాడ్ల సంగతి. ఈ7018 లాంటి లో హైడ్రోజన్ రాడ్లకు తేమ శత్రువు. ఉక్కు నిర్మాణాల అమెరికన్ వెల్డింగ్ కోడ్ ఏడబ్ల్యూఎస్ డీ1.1 ప్రకారం, గాలి చొరబడని సీలు డబ్బాల్లో కొననివాటిని 260 నుంచి 430 డిగ్రీల సెల్సియస్ మధ్య కనీసం 2 గంటలు కాల్చాలి, తర్వాత 120 డిగ్రీలకు తగ్గకుండా ఓవెన్‌లో ఉంచాలి, బయటికి తీశాక 4 గంటల లోపు వాడేయాలి. రాడ్ల ఓవెన్‌లో భోజనం డబ్బాలు కనిపిస్తే ఆ షాపు క్రమశిక్షణ గురించి వేరే ఆధారం అక్కర్లేదు. తేమ నుంచి వచ్చే హైడ్రోజన్ వల్ల పగులు వెంటనే రాదు, ఒకట్రెండు రోజులు ఆగి వస్తుంది. కాబట్టి హై స్ట్రెంగ్త్ ఉక్కుకు తుది తనిఖీ 48 గంటల తర్వాతే చేయాలి. గడువు తరుముకొస్తుంటే ముందు ఎగరగొట్టేది ఈ నిరీక్షణనే. ప్రీహీట్‌ను (వెల్డింగ్‌కు ముందు ఉక్కుకు ఇచ్చే వేడిని) అదే కోడ్ ప్రకారం అతుకు అంచున కాకుండా కనీసం 75 మిల్లీమీటర్ల దూరంలో కొలవాలి. డబ్ల్యూపీఎస్ ఇంజినీరు గది గోడకు కాకుండా మెషిన్ పక్కన, వెల్డర్ చదవగలిగే భాషలో ఉండాలి. ఆంపియర్లు క్లాంప్ మీటర్‌తో చూడాలి.

ఎన్‌డీటీ (అతుకును పాడుచేయకుండా పరీక్షించే) సిబ్బందిలోనూ తేడాలుంటాయి. ఎస్‌ఎన్‌టీ-టీసీ-1ఏ పద్ధతిలో అర్హత ఇచ్చేది యజమానే. ఐఎస్ఓ 9712లో స్వతంత్ర సంస్థ ఇస్తుంది. ఎక్స్‌రే ఫిల్మ్ చదివి తీర్పు చెప్పాల్సింది కనీసం లెవెల్ 2 అర్హత ఉన్న మనిషి, ఏటా కంటి పరీక్ష జరిగి ఉండాలి. రెండు వేర్వేరు నంబర్ల ఫిల్ముల మీద అలలూ చుక్కలూ ఒకేలా ఉంటే అది ఒకే అతుకు ఫోటో అన్నమాట. రిపేర్ శాతాన్ని షాపు మొత్తానికి సగటు కట్టకండి, వెల్డర్ వారీగా తీయండి. సగటులో ఒక్కడి తప్పులు మునిగిపోతాయి. ఒక లోపం బయటపడితే అదే వెల్డర్ వేసిన అలాంటివే మరో రెండు అతుకులు చూడాలన్న పైపింగ్ కోడ్ ఏఎస్‌ఎంఈ బీ31.3 పద్ధతిని మిగతా పనులకూ రాసుకోవచ్చు.

శాన్‌ఫ్రాన్సిస్కో-ఓక్లాండ్ బే బ్రిడ్జ్ తూర్పు భాగం ఉక్కు డెక్ షాంఘైలో తయారైంది. అతుకుల్లో పగుళ్ల మీద వివాదం 2013లో వంతెన తెరిచాక కూడా ఆగలేదు. అందుకే పని నడుస్తుండగా ఎవరి మాట చెల్లాలో ఆర్డర్ ఇచ్చే రోజే తేల్చుకోవాలి. కోడ్ పేరు, ఎడిషన్ ఏడాది, హోల్డ్ పాయింట్లు (తనిఖీ అయ్యేదాకా పని ఆపాల్సిన దశలు), అనుమతి లేకుండా సబ్‌కాంట్రాక్ట్‌కు ఇవ్వకూడదన్న షరతు, పనికిరాని వెల్డర్‌ను తప్పించే హక్కు, ఒక్కో అతుకుకు వెల్డర్ నంబరు చూపే వెల్డ్ మ్యాప్... అన్నీ పర్చేజ్ ఆర్డర్‌లోనే ఉండాలి. థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్టర్ ఫీజు కొనుగోలుదారే కట్టాలి. సప్లయర్ జీతం ఇచ్చే మనిషి సప్లయర్ సరుకును ఆపడు. చివరి వాయిదాను డాక్యుమెంట్ల ఫైలుకు ముడిపెట్టి, ఫైలు పూర్తి కాకుండా డిస్పాచ్‌కు అనుమతి ఇవ్వకండి. సరుకు ఓడెక్కాక పంపుతామన్న కాగితాలు వెనక తేదీలతో తయారవుతాయి.

— వెల్డింగ్ తనిఖీ రంగం నుంచి ఒక పాఠకుడు