ఉగ్గాని బండ్లకు కాలేజీల దగ్గరే చోటు చూపండి

సంపాదకులకు నమస్కారం.

అనంతపురంలో కాలేజీల చుట్టుపక్కల పొద్దున పూట టిఫిన్ అమ్మే బండ్లవాళ్లకు శాశ్వతంగా ఒక చోటు చూపించాలని అధికారులను కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను ఇక్కడ డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. ఖాళీ కడుపుతో మొదటి పీరియడ్‌కు వచ్చిన పిల్లలెవరో ముఖం చూస్తేనే తెలిసిపోతుంది.

మా ఊరు చదువుల ఊరు. ఆర్ట్స్ కాలేజీ 1916 నాటిది. 1946లో మద్రాసు గిండీలో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ 1948లో ఇక్కడికి వచ్చింది. ఇప్పటి జేఎన్‌టీయూ అదే. ఇటుకలపల్లి దగ్గర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం (ఎస్కేయూ), ఊళ్లో మెడికల్ కాలేజీ, లెక్కలేనన్ని ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి. ఇక డీఎస్సీకీ కానిస్టేబుల్ ఉద్యోగాలకూ గదులు అద్దెకు తీసుకుని చదివేవాళ్లు వేరు. నార్పల, గార్లదిన్నె, కూడేరు, ఆత్మకూరు వైపు నుంచి రోజూ బస్సెక్కి వచ్చే పిల్లలు చాలామంది ఇంట్లో పొయ్యి వెలిగేలోపే బయల్దేరతారు. వీళ్లకు పొద్దుటి తిండి బండి దగ్గరే.

అది ఏదో కడుపు నింపుకునే తిండి మాత్రమే కాదు. ఉగ్గాని చేయడం చూడండి. బొరుగులు నీళ్లలో ముంచి, మెత్తబడీ పడకముందే పిండి తీయాలి. కాస్త ఆలస్యమైతే ముద్దయిపోతాయి. ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, పసుపు వేసిన తిరగమోతలో వాటిని కలిపి, దించేముందు పప్పులూ ఎండుకొబ్బరీ కొట్టిన పొడి చల్లి, నిమ్మకాయ పిండుతారు. పక్కన అప్పుడే నూనెలోంచి తీసిన మిరపకాయ బజ్జీ ఉండి తీరాలి. నేను తరచూ వెళ్లే బండి ఒక కాలేజీ గోడ పక్కన వేపచెట్టు కింద ఉంటుంది. అక్కడి ఎర్రకారం దోశ నాకు ప్రాణం. దోశ పెనం మీద కాలుతుండగానే ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు నూరిన కారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, చెనక్కాయల చట్నీతో ఇస్తుంది ఆ బండి నడిపే ఆమె. ఒకరోజు ఒక పిల్లాడు జేబులు తడుముకుని వెనక్కి తిరగబోతే, "రేపిద్దువులేప్పా, ముందు తిను" అని ప్లేటు చేతిలో పెట్టింది. ఇంటికి దూరంగా ఉన్న పిల్లలకు ఆ మాట ఎంత ధైర్యమో నాకు తెలుసు.

అన్న క్యాంటీన్లలో ఐదు రూపాయలకే టిఫిన్ పెడుతున్నారు. పేద పిల్లలకు అది పెద్ద ఆసరా, కాదనను. కానీ ప్రతి కాలేజీ దగ్గరా క్యాంటీన్ ఉండదు కదా.

రోడ్డు వెడల్పు చేస్తున్నారన్నా, పెద్దవాళ్లెవరో వస్తున్నారన్నా, ఏ ఊళ్లోనైనా ముందు కదిలేది తోపుడు బండే. ట్రాఫిక్‌కు అడ్డమవుతున్నాయన్న మాట నిజమే. కాలేజీ టైముకు గేటు ముందు బైకులు, ఆటోలు, బండ్లు కలిసి నడిచేవాళ్లకు దారి లేకుండా చేస్తాయి. అయితే దానికి మందు తరిమేయడం కాదు. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. సర్వే పూర్తి చేసి వ్యాపార ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాత తరలించాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కమిషనర్ అధ్యక్షతన ఉండే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు కావాలి. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఏళ్ల తరబడి సహజంగా చేరే చోటును సర్వేలో గుర్తిస్తే, దాన్ని నిషేధిత ప్రాంతంగా ప్రకటించకూడదని కూడా ఆ చట్టంలో ఉంది. కాలేజీ రోడ్ల కంటే సహజమైన సంత ఇంకెక్కడుంది?

బండ్లవాళ్లకూ నాలుగు మాటలు చెప్పాలి. బజ్జీలు పాత న్యూస్‌పేపర్లో పెట్టి ఇవ్వకండి. అచ్చు సిరాలోని రసాయనాలు తిండిలోకి దిగుతాయని ఆహార భద్రతా సంస్థ ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది. ప్లేటు మీద పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి దాని మీద వేడి ఉగ్గాని వడ్డించడం అంతకంటే మంచిదేమీ కాదు. విస్తరాకు వాడండి. కాచిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ (నూనె మళ్లీ మళ్లీ కాగితే పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే ఇక వాడకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. కొలిచే పరికరం బండి మీద ఉండదు నిజమే, కానీ నూనె నల్లబడి, నురగ కట్టి, చిక్కబడిందంటే కంటికే తెలుస్తుంది. ఇది మన పిల్లల ఆరోగ్యం. ఒక్క బకెట్ నీళ్లలో రోజంతా ప్లేట్లు ముంచి తీస్తున్నారని మనం కోప్పడతాం. దగ్గర్లో కొళాయి లేకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

నగరపాలక సంస్థకు నా విన్నపం ఇది. బండ్లవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి. కాలేజీల పక్క సందుల్లో గీతలు గీసి, ఉదయం ఆరు నుంచి పదిన్నర వరకు అమ్ముకునేలా చోట్లు కేటాయించండి. ఒక్కో చోట ఒక కొళాయి, మురుగు పోయే దారి, మూత ఉన్న చెత్తడబ్బా పెట్టించండి. గోడ లోపల స్థలం ఉన్న కాలేజీలు కాస్త జాగా ఇవ్వడానికి ముందుకు రావాలని యాజమాన్యాలనూ కోరుతున్నాను. వచ్చే జూన్‌లో కొత్త బ్యాచ్ వచ్చేలోపు కనీసం రెండు మూడు కాలేజీల దగ్గరైనా ఇది మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక డిగ్రీ అధ్యాపకురాలు,
అనంతపురం