రైళ్లు ఆపిన ఆదివారం షటిల్ బస్సులు చేసిన నిర్వాకంపై ఫిర్యాదు

ప్రయాణికుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: పట్టాల పనుల కోసం శని, ఆదివారాల్లో రైళ్లు ఆపినప్పుడు నడుపుతున్న షటిల్ బస్సుల గురించి

అయ్యా / అమ్మా,

గత ఆదివారం మీ లైనులో నడిమి స్టేషన్ల మధ్య రైళ్లు ఆపి, వాటి బదులు షటిల్ బస్సులు వేశారు. ఆ బస్సులు ఎక్కాల్సిన ఫ్లైఓవర్ సరిగ్గా అదే రోజు మరమ్మతుల కోసం మూసేశారు. ఈ సంగతి మీ డ్రైవర్‌కు తెలియదు, స్టేషన్ సిబ్బందికి తెలియదు, మీ యాప్‌కు అంతకన్నా తెలియదు. నా ఫిర్యాదు అంతా దీని గురించే. రైళ్లు ఎందుకు ఆపారని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. నేను కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు అటువైపు వ్యక్తి బస్సు గురించి ఒక్క ముక్క చెప్పకుండా, పట్టాల నిర్వహణ ఎంత ముఖ్యమో నాకు క్లాసు తీసుకున్నారు. ముఖ్యమే, ఎవరు కాదన్నారు? రాత్రి ఆఖరి రైలు వెళ్లాక తెల్లవారి మొదటి రైలు వచ్చేలోగా మీ పనివాళ్లకు దొరికేది మహా అయితే మూడు నాలుగు గంటలు. అందులో కరెంటు ఆపి, నిజంగా ఆగిందో లేదో చూసుకుని, ఎర్తింగ్ చేసి, డిపో నుంచి యంత్రం వచ్చేసరికే చాలా సమయం పోతుంది. పని అయ్యాక పట్టాల మీద మనిషి గానీ పనిముట్టు గానీ మిగల్లేదని తేల్చుకుని లైను అప్పగించడానికి ఇంకొంత పోతుంది. మిగిలిన కాసేపట్లో చిన్నా చితకా పనులు అవుతాయి గానీ, రైలు ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లే పాయింట్లను మొత్తంగా పీకి కొత్తవి బిగించడం అయ్యే పని కాదు. పట్టాలకు వెల్డింగ్ చేయాలి, అది చల్లారాక పరీక్షించాలి, పాయింటు కదలికా సిగ్నలూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో చూడాలి. దానికి ఏకబిగిన ఒకటి రెండు రోజులు కావాలి, ఆ రోజులు జనం తక్కువుండే శని, ఆదివారాలైతే మేలు. ఇంతవరకు మీతో నాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, జనం తక్కువ అనే మాట మీ దగ్గర మెల్లగా జనం లేరు అనే దాకా వచ్చేసింది. ఆదివారం పొద్దున రైలెక్కేవాళ్లు ఎవరో ఒకసారి మీ గేటు దగ్గర నిలబడి చూడండి. సెక్యూరిటీ గార్డులు, షాపుల్లో పనిచేసేవాళ్లు, పోటీ పరీక్ష రాయబోతున్న పిల్లలు, మాలాంటి ఆసుపత్రి వాళ్లు. వీళ్లలో ఎవరికీ వర్క్ ఫ్రమ్ హోమ్ లేదు, ఆలస్యమైతే సర్దుకుపోయే పైఅధికారులూ లేరు. నేను నర్సుని. నేను చేరి వార్డు బాధ్యత తీసుకునేదాకా రాత్రంతా డ్యూటీ చేసిన నర్సు కదలడానికి లేదు. ఆ రోజు ఆమె నాకోసం ఎంతసేపు ఎదురుచూసిందో మీకు చెప్పినా ప్రయోజనం లేదు గానీ, మీరు బయటపెట్టే సమయపాలన లెక్కల్లో ఆ ఆలస్యం ఎక్కడైనా ఎక్కుతుందా?

ఇక జరిగింది చెబుతాను. స్టేషన్ షట్టర్ సగం దించి, దానికి ఒక తెల్ల కాగితం టేపుతో అంటించారు. ఈ వారాంతంలో రైళ్లు నడవవు, షటిల్ బస్సు వాడుకోండి అని ఉంది. ఏ వారాంతమో తేదీ లేదు. టేపు ఒక మూల ఊడి కాగితం ముడుచుకుపోయి ఉండటంతో పోయిన వారం కాగితమేమో, తీయడం మర్చిపోయారేమో అని ఇద్దరు ముగ్గురు షట్టర్ కిందుగా వంగి లోపలికి తొంగి చూశారు. కాగితం అడుగున ఒక బాణం గుర్తు ఉంది. అది చూపించేది మెట్ల వైపు. మెట్లు దిగితే రెండు దిక్కులకూ రోడ్డే. బస్టాపు ఎటో అడుగుదామంటే మనిషి లేడు. చివరికి చౌరస్తా దాటి అవతల ఒక బారికేడ్‌కు తాడుతో కట్టిన బోర్డు కనిపించింది. అదే తాత్కాలిక బస్టాపట. అక్కడ నీడ లేదు, కూర్చోవడానికి బెంచీ లేదు, బస్సు ఎన్ని నిమిషాలకొకటో రాసి లేదు.

బస్సు వచ్చింది, కిక్కిరిసి ఎక్కాం. ఫ్లైఓవర్ మొదట్లోకి వెళ్లేసరికి అడ్డంగా ఎర్ర, తెల్ల బారికేడ్లు, వాటి వెనక ఫ్లైఓవర్ ముక్కల మధ్య ఉండే ఎక్స్‌పాన్షన్ జాయింట్లు మార్చడానికి తవ్విన కాంక్రీటు కనిపించాయి. డ్రైవర్ బ్రేకు వేసి వెనక్కి తిరిగి, "ఎటు నుంచి పోవాలో మీలో ఎవరికైనా తెలుసా?" అని మమ్మల్ని అడిగాడు. ఆయన వేరే డిపో నుంచి ఆ ఒక్కరోజు డ్యూటీకి వచ్చాడట, ఈ రూటు కొత్తట. ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు, దయచేసి ఆయనకు మెమో ఇవ్వకండి. ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దాయన సందుల్లోంచి దారి చెబుతూ కొంతదూరం నడిపించాడు. ఆ సందుల్లో ఎదురుగా ఇంకో షటిల్ వచ్చింది. రెండు పెద్ద బస్సులూ ఒకదాన్నొకటి దాటలేక నిలబడిపోయాయి. మాలో చాలామంది అక్కడే దిగి నడవడం మొదలుపెట్టాం. వీల్‌చైర్‌లో ఉన్న ఒకాయన మాత్రం దిగలేకపోయాడు. బస్సుకు ర్యాంప్ ఉంది గానీ, అది విప్పాలంటే ఫుట్‌పాత్ పక్కకు ఆపాలి. సందులో ఫుట్‌పాత్ ఎక్కడిది? ఆయన సంగతి ఏమైందో నాకు తెలియదు. మీరైనా కనుక్కుంటే బాగుంటుంది.

ఫ్లైఓవర్ మూసేది రాత్రికి రాత్రి తేల్చిన విషయం కాదు. రోడ్ల శాఖ ముందే ప్రకటించింది, ట్రాఫిక్ పోలీసులు డైవర్షన్ మ్యాప్ కూడా విడుదల చేశారు. కార్లు నడిపేవాళ్లందరూ ఆ రోజు దానికి దూరంగా ఉన్నారు. ఆ మ్యాపు చూడంది మీ కంపెనీ ఒక్కటే. మీరు పట్టాల పని పెట్టుకుంటారు, వాళ్లు రోడ్డు పని పెట్టుకుంటారు, ఎవరికి వారే యమునా తీరే. రెండు పనులకూ వారాంతమే వీలు కాబట్టి రెండూ ఒకే రోజు పడటంలో వింతేమీ లేదు. అందుకే కదా ముందుగా ఒక ఫోన్ కాల్ అవసరమయ్యేది.

ఇది అసాధ్యమైన పనేమీ కాదు. బోస్టన్‌లో 2022 ఆగస్టు 19 నుంచి ఆరెంజ్ లైను అనే మెట్రో మార్గం మొత్తాన్ని 30 రోజులు మూసి పట్టాలు బాగుచేశారు. అప్పుడు నగరపాలక సంస్థ షటిల్ బస్సుల కోసం రోడ్ల మీద ప్రత్యేక లేన్లు గీసిపెట్టింది. న్యూయార్క్‌లో నది కింద నుంచి పోయే ఎల్ అనే మెట్రో లైను జంట సొరంగాన్ని 15 నెలలు మూసేయాలని మొదట అనుకుని, తర్వాత ఆ ఆలోచన మానుకుని, 2019 ఏప్రిల్ నుంచి రాత్రులు, వారాంతాల్లో ఒక సొరంగంలో పనిచేస్తూ రెండో దాంట్లోంచి 20 నిమిషాలకో రైలు నడిపారు. అక్కడ ఎవరూ ఇబ్బంది పడలేదని నేను అనను. రైళ్లు ఆపేవాళ్లూ రోడ్లు చూసేవాళ్లూ కలిసి కూర్చుంటే ఏం చేయొచ్చో బోస్టన్ చూపించింది, రైళ్లు ఆపడమొక్కటే మార్గం కాదని న్యూయార్క్ చూపించింది. మీ పాయింట్ల పనికి ఒక లైను వాడుకునే వీలు లేకపోవచ్చు. లేకపోతే లేదని చెప్పండి, వింటాం.

బస్సుల సంఖ్య కూడా ఏ లెక్కన వేశారో అర్థం కాలేదు. ఆరు పెట్టెల రైలు నిండితే వెయ్యి మందికి పైగా పడతారు. ఆదివారం కాబట్టి పావు వంతే నిండిందనుకుందాం. అయినా రైలుకు 250 మంది. నిలబడేవాళ్లతో కలిపి ఒక బస్సులో 60 మంది అనుకుంటే, ఒక్కో రైలు జనానికి నాలుగైదు బస్సులు కావాలి. అవి ఒకదాని వెనక ఒకటి సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే రైలు దిగిన వాళ్లంతా ఒకేసారి వస్తారు. మేం చూసింది ఒక బస్సు, చాలాసేపటికి ఇంకొకటి. ఇలాంటి లెక్క మీ ప్లానింగ్ విభాగంలో ఎవరో ఒకరు వేసే ఉంటారు. వేసినవాళ్ల మాట ఎందుకు చెల్లలేదో నాకు తెలియాలి.

ఇక యాప్ సంగతి. మీ యాప్ తెరిస్తే పైన పసుపు రంగు పట్టీలో రైళ్లు ఆపినట్టు ఒక వాక్యం ఉంది. కిందకు జరిపి ప్రయాణం వెతికితే మాత్రం అదే ఆగిపోయిన రైలు ఆరు నిమిషాల్లో వస్తుందని చూపించింది. ఫోన్‌లోని మ్యాపులు కూడా అదే చెప్పాయి. మా తమ్ముడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, వాణ్ని అడిగితే విషయం తెలిసింది. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ, గూగుల్ కలిసి మొదలుపెట్టిన జీటీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలోనే ఇప్పుడు లోకంలో చాలాచోట్ల బస్సుల, రైళ్ల టైంటేబుళ్లు మ్యాపులకు అందుతున్నాయట. అందులో ఫలానా తేదీన ఫలానా సర్వీసు ఉండదు, బదులుగా ఇది ఉంటుంది అని రాసుకోవడానికే విడిగా ఒక ఫైలు ఉందట. దాన్ని మార్చకుండా పైన ఒక వాక్యం తగిలిస్తే, మనుషులు చదువుతారేమో గానీ, దారి లెక్కగట్టే యాప్‌కు అది కేవలం అలంకారం. షటిల్ బస్సుల వేళలూ తాత్కాలిక స్టాపులూ ఆ ఫైళ్లలో ముందే పెట్టి ఉంటే, ఆదివారం పొద్దున నేను ఇంట్లోనే చూసుకుని వేరే రూటు బస్సు పట్టుకునేదాన్ని. కాగితం, బాణం, తాడు కట్టిన బోర్డు ఇవేవీ నాకు అవసరం పడేవి కావు.

సోమవారం మీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. "అసౌకర్యానికి చింతిస్తున్నాము, మెరుగైన సేవల కోసమే ఈ పనులు" అని వెంటనే జవాబొచ్చింది. అందులో బస్సు లేదు, ఫ్లైఓవర్ లేదు, నేను రాసిన ఒక్క మాటా లేదు. ఆ తర్వాత ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ కూడా వచ్చింది. ఏం పరిష్కరించారో చెప్పగలరా? అందుకే ఇప్పుడు కాగితం మీద రాసి, స్పీడ్ పోస్టులో మీకే నేరుగా పంపుతున్నాను.

మీ ప్రకటన ప్రకారం ఈ పనులు వచ్చే వారాంతం కూడా ఉన్నాయి, ఫ్లైఓవర్ కూడా ఇంకా తెరవలేదు. కాబట్టి నాకు ముందుగా కావాల్సింది క్షమాపణ కాదు. వచ్చే శనివారం మీ షటిల్ ఏ రోడ్డు మీదుగా వెళ్తుంది, ఎక్కడెక్కడ ఆగుతుంది, ఎన్ని నిమిషాలకొకటి వస్తుంది అన్నది శుక్రవారం లోపు తేదీతో సహా స్టేషన్లలోనూ యాప్‌లోనూ పెట్టండి. ఆ రూటు మీద డ్రైవర్లను ఖాళీ బస్సుతో ఒకసారి తిప్పండి. స్టేషన్ మెట్ల దగ్గర దారి చెప్పడానికి ఒక మనిషిని నిలబెట్టండి, ఆ మనిషికి బస్సు ఎక్కడుందో తెలుసుకునే ఏర్పాటు కూడా ఉండాలి. వీల్‌చైర్ వాళ్లకు, నడవలేని పెద్దవాళ్లకు, బస్సు కుదరని చోట మీరే కారు పంపాలి. ఇవన్నీ కలిపినా పట్టాల పనికి మీరు పెడుతున్న ఖర్చు పక్కన కనిపించనంత చిన్నవి.

నా వరకు వస్తే, నాకు నెలవారీ పాస్ ఉంది. మీరు రైళ్లు ఆపిన రోజులన్నీ దాని గడువుకు కలపండి. నాకొక్కదానికే కాదు, పాస్ ఉన్న అందరికీ, ఎవరూ అడక్కుండానే. గేటు దగ్గర కార్డు ఆనించిన ప్రతిసారీ మీ దగ్గర నమోదవుతుంది కాబట్టి ఎవరు ఆ లైను వాడతారో తేల్చడం మీకు కష్టం కాదు. ఆ రోజు మధ్యలో దిగిపోయి ట్యాక్సీలు పట్టుకున్నవాళ్లు రసీదు చూపిస్తే ఆ డబ్బు తిరిగివ్వాలని కూడా కోరుతున్నాను. నా రసీదు జత చేశాను. షట్టర్ మీది కాగితం, బారికేడ్‌కు కట్టిన బోర్డు, యాప్‌లో రాని రైలు వస్తుందని చూపించిన స్క్రీన్‌షాట్, సందులో ఇరుక్కున్న రెండు బస్సుల ఫోటోలు కూడా ఉన్నాయి.

పాస్ గురించి, ట్యాక్సీ ఖర్చు గురించి పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. షటిల్ రూటు గురించి మాత్రం అన్నాళ్లు ఆగడానికి లేదు, శనివారం పొద్దున నాకు మళ్లీ డ్యూటీ ఉంది. జవాబు రాకపోతే, లేదా మళ్లీ ఆ రెండు వాక్యాల మెసేజే వస్తే, వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఈ ఉత్తరం నకలు రోడ్ల శాఖకూ ట్రాఫిక్ పోలీసులకూ పంపుతున్నాను. కనీసం ఈ వంకతోనైనా మీ ముగ్గురూ ఒకరికొకరు ఫోన్ చేసుకుంటారని.

ఇట్లు,
మీ లైనులో రోజూ ప్రయాణించే ఒక పాస్‌దారు

జతపరచినవి: పాస్ నకలు, ట్యాక్సీ రసీదు, ఫోటోలు, స్క్రీన్‌షాట్