తిప్పి పంపిన చేపల గురించి

ఏళ్ల తరబడి నా దగ్గరే చేపలు కొంటున్న మీకు,

సముద్రపు చేపల బల్ల మూడు వారాలుగా సగం ఖాళీగా ఎందుకు ఉంటోందని చాలామంది అడిగారు. సరుకు రాలేదని చెప్పాను. అది పూర్తి నిజం కాదు. సరుకు వచ్చింది, నేనే తిప్పి పంపాను.

నౌక నుంచి చమురు ఒలికిన మేర వేట నిలిపివేసిన సంగతి మీకు తెలిసిందే. నాకు చేపలు పంపే వ్యాపారి, అన్నీ ఆ హద్దుకు బయట పట్టినవేనని మాట ఇచ్చి, లోపల వేసిన వలల సరుకును కలిపి పంపాడు. నాలుగో పెట్టెలో ఒక చేప మొప్ప ఎత్తగానే కిరోసిన్ లాంటి వాసన వచ్చింది. చేతులు కడుక్కుని మళ్లీ చూశాను, వాసన పోలేదు. ఫోన్ చేస్తే అది పడవ ఇంజన్ వాసన అయి ఉంటుందన్నాడు. పద్నాలుగేళ్లుగా రోజూ మొప్పలు ఎత్తి చూస్తున్న మనిషితో అనవలసిన మాట కాదది. ఆ పెట్టెల్లోని ఒక్క చేపనూ మీకు అమ్మలేదు. అంతకు ముందు రెండు రోజుల సరుకులో తేడా కనిపించలేదు గానీ, అదీ అతను పంపినదే కనుక, కొన్నవారికి డబ్బు తిరిగి ఇస్తాను.

నాకు నిద్ర లేకుండా చేసింది ఆ తరువాతి నిర్ణయం. వేట మళ్లీ మొదలైంది, చేపల కండలో దోషం లేదని పరీక్షల నివేదిక వచ్చింది. దాన్ని నమ్ముతున్నాను. చమురులోని విషపదార్థాలను చేప కాలేయం విడగొట్టి పైత్యరసంలోకి పంపేస్తుంది కనుక అవి కండలో ఎక్కువకాలం నిలవవు; ఆ శక్తి అంతగా లేని ఆల్చిప్పల్లోనే చాలాకాలం ఉండిపోతాయి. తినేవారికి భయం తీరింది సరే, చేప మాటేమిటి? 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు బావులు తవ్వే వేదిక ప్రమాదం వల్ల 87 రోజులు చమురు ఎగజిమ్మిన తరువాత, ముడి చమురు ట్యూనా చేపల గుండె కణాల్లో పొటాషియం, కాల్షియం రాకపోకలను అడ్డుకుని గుండె లయను చెడగొడుతుందని పరిశోధకులు కనుగొన్నారు. గుడ్డులోని పిల్లకైతే వందకోట్ల పాళ్ల నీటిలో కొద్ది పాళ్ల విషం చాలు: గుండె చుట్టూ నీరు చేరుతుంది, వెన్ను వంగుతుంది. బతికిన పిల్ల పైకి బాగానే కనిపించినా మునుపటిలా వేగంగా ఈదలేకపోవచ్చు. అలాస్కాలో 1989లో ఎక్సాన్ వాల్డెజ్ నౌక చమురు ఒలికాక, ఆ మేరలోని వాగుల్లో పింక్ సాల్మన్ అనే చేపల గుడ్లు ఆ ఒక్క ఏడాదే కాదు, తరువాత కొన్నేళ్ల పాటు మామూలుకన్నా ఎక్కువగా చనిపోయాయి.

ఇదంతా తెలిశాక, ఆ నీటిలో మిగిలిన తల్లిచేపను గుడ్లతో సహా కోసి తూచడానికి నాకు చేతులు రాలేదు. గుడ్లు పెట్టే కాలం ముగిసేదాకా అక్కడి చేపను కొనను. కొనేవారిని తప్పుపట్టడం లేదు, వారు అమ్మేది తినదగిన చేపే. నష్టం నాది, దాన్ని మీ ధరల్లో కలపను.

ఆ వ్యాపారి ధర తగ్గిస్తానని రెండుసార్లు కబురు పంపాడు. అతనితో ఇక లావాదేవీ లేదు. ఇకపై ప్రతి పెట్టెపైనా చేపను ఎక్కడ, ఏ రోజు పట్టారో రాసి ఉంటుంది. అడిగినవారికి మొప్ప ఎత్తి చూపించాకే తూస్తాను.