నడుంలోతు నీళ్లేగా అన్నావు

గుంటూరు, బ్రాడీపేట

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేం క్షేమం. ఊరగాయ పార్సిల్ వచ్చే వారం వేస్తాం. ఇక అసలు సంగతి. టెక్సాస్‌లో నువ్వు కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) వేసుకుని చేపల వేటకి వెళ్తున్నావని మొన్న ఫోన్లో మీ అమ్మ భయపడుతుంటే "నడుంలోతు నీళ్లేగా అమ్మా, మునగడానికేముంది" అని నవ్వేశావు. 1977 ఉప్పెన చూసిన దివిసీమ మనిషి ఆవిడ, గాలి మాటెత్తితేనే బెదురుతుంది. జవాబు చెప్పలేక ఫోన్ నాకిచ్చింది. నేను చెప్పగలను గానీ, సగంలోనే "సరే నాన్నా" అనేస్తావు. అందుకే కాగితం తీశాను.

నువ్వు వెళ్లే లగూనా మాద్రే ఉప్పునీటి మడుగు మ్యాప్ చూశాను. దాదాపు 180 కిలోమీటర్ల పొడవున పాడ్రే ఐలాండ్ అనే దీవి సముద్రానికి అడ్డం పడుకుంది. లోపల మీటరు అటూఇటూ లోతు ఉప్పునీళ్లు. నిజాంపట్నం దగ్గర మా మేనమామ, నీకు తాతయ్య వరస, నావ నడిపిన ఉప్పుటేళ్లూ అలాంటివే. ఆయన లోతుని లెక్కచేసేవాడు కాదు. బయల్దేరేముందు నీళ్లవంక కాదు, గాలి ఎంతుందోనని తాటాకుల వంక చూసేవాడు.

తక్కువ లోతులో అల చిన్నదే. కానీ నిటారుగా లేస్తుంది, ఒకదాని వెనకే ఇంకొకటి వస్తుంది. కయాక్ గాలికి అడ్డం తిరిగిందంటే మొదటిది దాటేలోపు రెండోది ఒళ్లో పడుతుంది. పైగా గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగు రెట్లు. (పాఠం చెప్పే అలవాటు రిటైరైనా పోలేదు.) గంటకి 15 కిలోమీటర్ల గాలికి ఎదురుగా హాయిగా తెడ్డు వేసిన చేతులు 30లో చాలవు. ఎటు చూసినా నీళ్లమీద తెల్లటి నురగ కనిపించిందంటే గాలి 20 దాటినట్టే. నీకింకా కొత్త, ఆ రోజుకి ఒడ్డునే నిలబడి గాలం వెయ్యి.

బోల్తా పడితే నిలబడతానంటావు. నిలబడతావు, అడుగున బురద లేకపోతే. ఈలోపు ఖాళీ కయాక్‌ని గాలి లాక్కుపోతుంది. దాని వేగానికి నువ్వు ఈదలేవు, నడుంలోతు నీళ్లలో పరిగెత్తలేవు. కాబట్టి పడ్డా కయాక్‌ని వదలకు. తెడ్డుకి తాడు కట్టి ఉంచుకో. దిగి నడవాల్సి వస్తే పాదాలు ఎత్తెత్తి వెయ్యకు, నేలకి రాస్తూ జరుపు. తోకలో ముల్లుండే టేకు చేప ఇసుకలో పడుకుని ఉంటుంది, అలికిడికి తప్పుకుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వాలుగాలి ఉండేలా చూసుకో. ఒళ్లు అలిసేది తిరుగు దారిలోనే కదా. ఒడ్డు మీంచి నీళ్లమీదికి గాలి వీచే రోజు మరీ జాగ్రత్త. ఒడ్డు పక్కన అల ఉండదు, చూసి మోసపోతాం. కొంత దూరం పోయాక గానీ గాలి అసలు బలం తెలియదు, అప్పటికి వెనక్కి తిరిగితే అంతా ఎదురే. మీ దగ్గర ఎక్కువగా ఆగ్నేయం గాలేనట. నేల వేడెక్కే కొద్దీ మధ్యాహ్నానికి అది బలుస్తుంది, మన సూర్యలంకలోలాగే. తెల్లారగట్ల వెళ్లి పదింటికల్లా ఒడ్డెక్కు. చలికాలంలో ఉత్తరం గాలి ఒక్కసారిగా విరుచుకుపడుతుందట, ఆ కబురున్న రోజున అసలు దిగకు.

ఇంకో విచిత్రం. ఆ మడుగులో ఆటుపోట్లు నామమాత్రం, నీళ్లని ఎక్కించేదీ దించేదీ చాలావరకు గాలే. ఒక పక్క నీళ్లని ఊడ్చి రెండో పక్కకి తోసేస్తుంది. పొద్దున తేలిన చోట మధ్యాహ్నానికి బురదలో కూరుకుపోవచ్చు.

అలాగని గాలిని తిట్టుకోనక్కర్లేదు. అది నీళ్లని కదిపి మసక చేస్తే చేపకి నీ అలికిడి తెలియదు. చిన్న చేపల్నీ రొయ్యల్నీ గాలి తగిలే గట్టువైపుకి తోస్తుంది, వాటి వెనకే నువ్వు పట్టాలనుకునే రెడ్‌ఫిష్ చేప వస్తుంది. గాలాన్ని గాలివాలుకి విసురు, తక్కువ ఎత్తున పోయేలా. ఎర కాస్త బరువైనది కట్టు. కర్ర కొన నీళ్లకి దగ్గరగా దించి ఉంచు, లేకపోతే దారం గాలికి వంగిపోయి చేప ముట్టినా చేతికి తెలియదు. కయాక్ మరీ జోరుగా కొట్టుకుపోతుంటే నీళ్లలో లాగే గుడ్డ గొడుగు ఒకటి దొరుకుతుంది, కొనుక్కో. ఆగాలంటే నువ్వు ఫోటోలో చూపించిన పొడుగు కర్ర చాలు. అది మా మామయ్య గెడే! ఆయన వెదురుతో చేసుకున్నాడు, మీవాళ్లు ఫైబర్‌తో చేసి డాలర్లు గుంజుతున్నారు. గెడ అయినా లంగరైనా తాడు ముక్కుకో తోకకో కట్టు. నడిమికి కట్టావో, గాలి పక్కనుంచి నెట్టి నీళ్లు నింపేస్తుంది.

రెడ్‌ఫిష్ 20 అంగుళాలకి తక్కువదీ 28 దాటిందీ మామూలుగా వదిలెయ్యాలన్న టెక్సాస్ రూలు నాకు బాగా నచ్చింది. మన మొగల దగ్గర పండుగప్పకి అలాంటిదొకటి ఉంటే బాగుండేది.

ఎక్కడ దిగుతున్నావో, ఎన్నింటికి వస్తావో అల్లుడుగారికి రాసిచ్చి వెళ్లు. అరగంట దాటితే ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా అందులో ఉండాలి. విజిల్ మెడలో వేసుకో. లైఫ్ జాకెట్ ఒంటిమీద ఉండాలి. నువ్వు పంపిన ఫోటోలో అది సీటు వెనక కట్టి ఉంది. అమ్మ గమనించలేదు, నేను చూశాను. వేసుకుని ఇంకో ఫోటో తీసి పంపు, ఈ ఆదివారంలోపు.

నాన్న